నక్కకూ ఉల్లికీ ముడి ఎక్కడ పడింది?

ఏప్రిల్ ఎండల్లో, గడ్డి కూడా మాడిపోయిన గుట్ట వాలులోనో సముద్రానికి దగ్గరి ఇసుక నేలలోనో ఒక్కోసారి ఒక వింత కాడ కనిపిస్తుంది. ఆకు ఒక్కటి కూడా ఉండదు. ఎవరో నేలలో పుల్ల గుచ్చి మరిచిపోయినట్లు నిటారుగా నిలబడి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే పైభాగమంతా పూలు. తెలుపూ కాదు, ఆకుపచ్చా కాదు, గోధుమరంగూ కాదు. మూడూ కలిపి నీళ్లు పోసి పలచన చేసినట్లున్న రంగు. సన్నని తొడిమలకు వేలాడే ఆరు రేకుల పూలు. అందమైనవని చెప్పలేను. కానీ చుట్టూ పచ్చనిదేదీ లేని చోట, ఎవరిని అడిగి పూసిందా అనిపిస్తుంది.

తొలకరి పడ్డాక అదే చోటికి వెళ్తే కాడ ఉండదు. దాని స్థానంలో బద్దల్లాంటి పొడవాటి ఆకులు గుత్తిగా లేచి ఉంటాయి. వేసవిలో పూలు చూసినవారికి ఆకులు తెలియవు, వానల్లో ఆకులు చూసినవారికి పూలు తెలియవు. రెండూ ఒకే గడ్డవని తెలియాలంటే తవ్వి చూడాలి, లేదంటే ఏడాది పొడుగునా ఆ దారిన తిరగాలి. పశువులు కాసేవారు అలా తిరుగుతారు. దీనికి పేరు పెట్టింది కూడా వాళ్లే అయి ఉంటారని నా ఊహ. నక్క ఉల్లి. కొన్నిచోట్ల నక్కవుల్లిగడ్డ, అడవి ఉల్లి, అడవి తెల్లగడ్డ అని కూడా అంటారు.

తవ్వితే పిడికిలంత తెల్లని గడ్డ బయటపడుతుంది. పొర మీద పొర, అచ్చం ఉల్లిగడ్డే. కోస్తే మాత్రం ఉల్లి ఘాటు రాదు, కళ్ల నీళ్లు రావు. జిగురుగా ఒక రసం వస్తుంది. అది చేతికి తగిలితే దురద, నాలుకకు తగిలితే చేదు, కడుపులోకి వెళ్తే ప్రమాదం. మరి ఇది ఉల్లి ఎలా అయింది? ఉల్లి అయితే అయింది, మధ్యలో నక్క ఎందుకు వచ్చింది? వృక్షశాస్త్రం ప్రకారం ఉల్లికీ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. నక్కకు దీనితో పనే లేదు. పేరులో ఉన్న రెండు మాటలూ తప్పేనని తీసిపారేయడం తేలిక. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కాస్త తవ్వి చూస్తే, శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలుగా మార్చి మార్చి పెట్టిన పేర్లకంటే ఈ రెండు మాటల్లోనే ఎక్కువ సమాచారం ఉందని తోచింది.

ఉల్లి అంటే ఒక మొక్క కాదు

ముందు ఉల్లి సంగతి. ఈ రోజు మనకు ఉల్లి అనగానే కూరలో వేసేదే గుర్తుకొస్తుంది. కానీ ఆ మాట ఆనుపానులు చూడండి. వెల్లుల్లి అంటే వెల్ల ఉల్లి, అంటే తెల్లని ఉల్లి. నీరుల్లి అంటే నీరున్న ఉల్లి. కన్నడంలో బెళ్లుళ్లి, ఈరుళ్లి ఇలాంటివే. తమిళ, మలయాళాల్లోనూ ఉళ్లి అనే మాట ఉంది, అక్కడా అది ఒకచోట ఉల్లిని, మరొకచోట వెల్లుల్లిని సూచిస్తుంది. అంటే ద్రావిడ భాషల్లో ఈ మాట పుట్టుకతోనే ఒక మొక్కకు కట్టుబడింది కాదు. నేలలో పొరలు పొరలుగా ఊరే గడ్డ ఏదైనా ఉల్లే. తెల్లగా ఉంటే వెల్లుల్లి, నీరు పట్టి ఉంటే నీరుల్లి, అడవిలో ఉంటే అడవి ఉల్లి. ఉల్లి ఇక్కడ ఇంటిపేరు లాంటిది, ముందున్న మాటే అసలు పేరు.

ఈ కోణంలో చూస్తే నక్క ఉల్లి అనడంలో తప్పు లేదు. ఈ గడ్డకు పొరలున్నాయి, కాబట్టి ఉల్లి.

మన పాఠ్యపుస్తకాలు చేసిన పని కూడా ఇలాంటిదే కావడం తమాషా. తెలుగులో గడ్డ అనే మాట చాలా ఉదారమైనది. ఆలుగడ్డ, చేమగడ్డ, ఉల్లిగడ్డ అన్నీ గడ్డలే. వృక్షశాస్త్రానికి ఆ ఉదారత పనికిరాదు. అందుకని తెలుగు మాధ్యమ పుస్తకాలు బంగాళదుంపను దుంపకాండం అన్నాయి, అల్లాన్ని కొమ్ము అన్నాయి, చేమను కందం అన్నాయి, పొరల గడ్డను లశునం అన్నాయి. లశునం అంటే సంస్కృతంలో వెల్లుల్లి. అంటే పండితులకు పొరల గడ్డలన్నిటికీ కలిపి ఒక మాట అవసరమైనప్పుడు వాళ్లు కూడా వంటింట్లోకే వెళ్లి వెల్లుల్లి పేరు తెచ్చుకున్నారు. కాపరి ఉల్లి అన్నాడు, ప్రొఫెసర్ లశునం అన్నాడు. ఆలోచన ఒక్కటే.

అడవి తెల్లగడ్డ అనే పేరులోని ముడి కూడా ఇక్కడే విడిపోతుంది. రాయలసీమలో ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ. కోస్తాలో పుట్టి పెరిగిన పాఠకుడు అడవి తెల్లగడ్డ అని చదివితే తెల్లగా ఉండే ఏదో అడవి దుంప అనుకుంటాడు. ఆ పేరు పలికిన మనిషి ఉద్దేశం మాత్రం అడవి వెల్లుల్లి. ప్రాంతం మారితే పేరు అర్థం మారిపోతుంది. మొక్కల పేర్ల జాబితాలు తయారుచేసేవాళ్లు అలాంటి పేరు ఏ ప్రాంతానిదో రాయకపోతే ఆ జాబితా వల్ల ఉపయోగం సగమే.

ఇక వంశం మాట. ఉల్లి, వెల్లుల్లి ఇప్పటి లెక్కలో అమరిల్లిడేసీ కుటుంబంలో ఉన్నాయి. నక్క ఉల్లిని ఒకప్పుడు లిల్లీల కుటుంబంలో పెట్టారు, తర్వాత కొన్నాళ్లు హయసింథేసీ అన్నారు, 2009లో వచ్చిన వర్గీకరణ తర్వాత ఆస్పరాగేసీలో స్థిరపడింది. ఈ కొత్త ఇంట్లో దీని బంధువులెవరో తెలుసా? కిత్తనార, చాగనార, ఇంకా శతావరి. శతావరికి మన పల్లెల్లో పేరు పిల్లిపీచర. నక్క ఉల్లి చుట్టరికం చివరికి ఉల్లితో కాక పిల్లితో కలిసింది.

నక్క ఎందుకొచ్చింది

నక్కలు ఈ గడ్డను తవ్వుకుని తింటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఇంత విషమున్న గడ్డను నక్క ఇష్టపడి తింటుందనుకోను, పశువులు సాధారణంగా దీని ఆకుల జోలికే పోవు. జవాబు ఈ ఒక్క మొక్క దగ్గర దొరకదు, ఇలాంటి పేర్లున్న మరికొన్నిటిని పక్కన పెట్టుకుని చూడాలి.

తులసి ఉంది, కుక్కతులసి ఉంది. వామింట ఉంది, కుక్కవామింట ఉంది. పెసర ఉంది, పిల్లిపెసర ఉంది. కుక్కకు తులసితో సంబంధం లేదు, పిల్లి పెసలు తినదు. ఆ జంతువు పేరుకు ఇక్కడ అర్థం ఒక్కటే: చూడటానికి అలాగే ఉంటుంది కానీ మనం వాడుకునే అసలుది కాదు. ఏనుగుపల్లేరు లాంటి పేర్లలో పద్ధతి వేరు, అక్కడ ఏనుగు పరిమాణం చెబుతుంది, మామూలు పల్లేరుకంటే పెద్దదని. కుక్క, పిల్లి, నక్క చెప్పేది పరిమాణం కాదు, పరాయితనం.

దీనికి నా దగ్గరున్న మంచి సాక్ష్యం పిల్లిపెసర. పచ్చిరొట్ట ఎరువుగా, పశువుల మేతగా మన రైతులకు బాగా తెలిసిన పైరు అది. అదే మొక్కకు తమిళంలో పేరు నరిప్పయఱు. నరి అంటే నక్క, పయఱు అంటే పెసర. ఒకే మొక్క తెలుగులో పిల్లిది, తమిళంలో నక్కది. ఆ జంతువుకూ మొక్కకూ నిజంగా సంబంధం ఉండి ఉంటే రాష్ట్రం దాటగానే పిల్లి నక్కగా మారదు కదా. అక్కడ కావలసింది ఏదో ఒక జంతువు మాత్రమే. ఇంటి పంట పక్కన నిలబెట్టడానికి ఒక బయటి ప్రాణి.

మన గడ్డకు తమిళంలో కూడా నక్కే ఉంది: నరివెంగాయం. వెంగాయం అంటే ఉల్లిపాయ. మలయాళంలో కాట్టుళ్లి, కన్నడంలో కాడు ఈరుళ్లి, హిందీలో జంగలీ ప్యాజ్, మరాఠీలో రానకాందా. ఈ నాలుగూ అడవి ఉల్లి అనే చెబుతున్నాయి. అడవి అన్నా నక్క అన్నా పని ఒక్కటే, కాకపోతే అడవి అనే మాట ఎక్కడుందో చెబుతుంది, నక్క అనే మాట జాగ్రత్త అని కూడా చెబుతుంది. నక్క వినయం, నక్క జిత్తులు అని వాడే భాషలో నక్క ఉల్లి అంటే ఏమిటో పిల్లవాడికి కూడా వివరించనక్కర్లేదు. ఉల్లిలా వచ్చి మోసం చేసేది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని సామెత, ఈ ఉల్లికి ఆ మాట వర్తించదని పేరులోనే రాసిపెట్టారు.

సంస్కృతం దగ్గరికి వచ్చేసరికి జంతువు మారుతుంది. అక్కడ వనపలాండు అనే తిన్నని పేరుతో పాటు కోలకందం అనే పేరు కూడా ఉంది. కోలం అంటే అడవిపంది. ఇప్పుడు మరాఠీ చూడండి. అక్కడ రానకాందాతో పాటు కోళకాందా అనే పేరు కూడా వినిపిస్తుంది. మరాఠీలో కోల్హా అంటే నక్క. సంస్కృత కోలం పంది, మరాఠీ కోల్హా నక్క, మధ్యలో ఒక హకారమే తేడా. పందిగా బయలుదేరిన పేరు దారిలో నక్కగా వినబడిందా, లేక నక్కగా ఉన్న జనం మాటకు పండితులు పందిని తొడిగారా? ఇది నా అనుమానం మాత్రమే, రుజువు కాదు. కానీ నిఘంటువుల్లో కనిపించే సంస్కృత పేరే ఎప్పుడూ మూలమని, దేశభాషల పేర్లు దాని వికృతులని అనుకునే అలవాటును ఇలాంటి చోట కొంచెం పక్కన పెట్టడం మంచిది.

అరబ్బులకు నక్కా పందీ రెండూ అక్కర్లేదు, వాళ్లకు ఎలుక కావలసి వచ్చింది. దీనికి దగ్గరి బంధువైన మధ్యధరా తీరపు గడ్డను వాళ్లు బసల్ అల్ ఫార్ అన్నారు, ఎలుక ఉల్లి. ఇక్కడ మాత్రం జంతువు ఉత్తినే రాలేదు. ఆ గడ్డతో ఎలుకలను చంపేవారు. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. కుక్కో పిల్లో పొరపాటున ఈ గడ్డ తింటే చాలావరకు కక్కేస్తుంది, ఎలుక కక్కలేదు, చస్తుంది. ఆ గడ్డలో ఎర్రని రకం ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఎలుకల మందుగా మార్కెట్లో అమ్ముడైంది.

గ్రీకు గుమ్మానికి వేలాడిన గడ్డ

ఆ మధ్యధరా గడ్డను గ్రీకులు స్కిల్లా అన్నారు. మన నక్క ఉల్లికంటే చాలా పెద్దది, ఒక్కో గడ్డ కిలోకు పైగా తూగుతుంది. అది కూడా ఎండలకు నేల నెర్రెలు విచ్చాక, ఆకులు లేకుండా పూస్తుంది. హీబ్రూలో దాని పేరు హత్సావ్. ఆ పూలు కనిపిస్తే ఎండాకాలం అయిపోవచ్చిందని అక్కడివారికి గుర్తు. యెహోషువ ఇశ్రాయేలు గోత్రాలకు భూమి పంచినప్పుడు హద్దులు గుర్తించింది ఈ మొక్కతోనేనని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. గట్టు రాయిని రాత్రికి రాత్రి జరపవచ్చు, అంత లోతున దిగిన గడ్డను జరపడం అంత తేలిక కాదు. పొలం తగాదాలు తెలిసినవారికి ఇందులోని తెలివి వెంటనే అర్థమవుతుంది.

గ్రీకులు దాన్ని గుమ్మానికి వేలాడదీసేవారు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు థియోఫ్రాస్టస్ ఈ ఆచారం గురించి రాశాడు, కీడు లోపలికి రాకుండా అడ్డుకుంటుందని నమ్మకం. పైథాగరస్ ఈ గడ్డ గురించి ఒక పుస్తకమే రాశాడని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ఆర్కేడియా ప్రాంతంలో వేట సరిగా పడకపోతే కుర్రాళ్లు మేకకాళ్ల దేవుడు పాన్ విగ్రహాన్ని ఈ మొక్కతో కొట్టేవారట. దేవుణ్ని కొట్టడం అటుంచితే, గుమ్మం సంగతి మనకు కొత్తేమీ కాదు. దిష్టి తగలకుండా మన ఇళ్ల ముందు కలబందను తలకిందులుగా వేలాడదీస్తాం. కారణం కూడా ఒకటేనని నాకనిపిస్తుంది. మట్టీ నీళ్లూ లేకుండా గాలిలో వేలాడుతూ కూడా చిగురు వేసే మొక్క ఏదైనా, చావును దగ్గరికి రానివ్వదని మనిషికి తోస్తుంది. స్కిల్లా గడ్డను తవ్వి అటక మీద పడేసినా వేళకు కాడ వేసి పూస్తుంది.

స్కిల్లా అనే మాట గ్రీకు నుంచి లాటిన్‌కు వెళ్లి స్క్విల్లా కూడా అయింది, దాని నుంచి ఇంగ్లిష్ స్క్విల్ వచ్చింది. లాటిన్‌లో స్క్విల్లా అంటే రొయ్య కూడా. అందుకే ఇప్పటికీ ఒక రొయ్యజాతి ప్రాణి శాస్త్రీయ నామం స్క్విల్లా. గడ్డకూ రొయ్యకూ ఒకే పేరెందుకో ఇక్కడ తవ్వడం మొదలుపెడితే వ్యాసం దారి తప్పుతుంది.

మనకు కావలసిన విషయం వేరు. ఈ గ్రీకు మాట దక్కనుకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి అరబ్బుల దారి. గ్రీకు వైద్యాన్ని తర్జుమా చేసుకున్న అరబ్బులు స్కిల్లాను ఇస్కీల్ అని పలికారు. అది యునానీ వైద్యంతో పాటు హైదరాబాదు దాకా వచ్చింది. యునానీ అనే మాటకే గ్రీకు దేశపుదని అర్థం కదా. రెండో దారి ఓడల్లో వచ్చిన లాటిన్ శాస్త్రానిది. అది దిగింది మన సామర్లకోటలో.

సామర్లకోట డాక్టరు

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లాండ్ మనిషి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసుకు వచ్చి, 1781లో సామర్లకోటకు చేరాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్లేవరకు గోదావరి ప్రాంతమే ఆయన ప్రయోగశాల. మిరియాలు, నీలిమందు లాంటివి పెంచే ప్రయత్నాలతో పాటు చుట్టుపక్కల మొక్కలను సేకరించి, వర్ణించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. స్థానికులను అడిగి మొక్కల పేర్లు రాసుకున్నాడు. ఆయన పుస్తకాల్లో తెలుగు పేర్లు ఉన్నచోట తెలింగ అనే సూచన కనిపిస్తుంది.

కొన్ని తెలుగు పేర్లు లాటిన్‌లోకి కూడా ఎక్కాయి. సోమిద మాను నుంచి సోయ్‌మిడా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు వచ్చింది. మన సండ్ర చెట్టుకు రాక్స్‌బర్గ్ పెట్టిన జాతి పేరు సుంద్ర. నక్క ఉల్లికి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు, పేరులోనే నక్కను పెట్టుకున్నది మాత్రం జాబితాలోనే మిగిలిపోయింది. రాక్స్‌బర్గ్ దీన్ని మధ్యధరా గడ్డకు చెల్లెలిగా భావించి సిల్లా ఇండికా అన్నాడు. భారతదేశపు స్కిల్లా అని అర్థం. తనకు తెలిసిన కుటుంబంలో కొత్త ముఖం కనిపిస్తే ఊరి పేరు తగిలించి పరిచయం చేసినట్లు. ఇలాంటిదే మరో గడ్డకు సిల్లా కోరమాండలియానా అని కోరమాండల్ తీరం పేరు పెట్టాడు. ఆయన 1815లో చనిపోయాడు. సిల్లా ఇండికా పేరు ఉన్న గ్రంథం పూర్తిగా అచ్చయింది 1832లో, సేరంపూర్‌లో.

అచ్చు సిరా ఆరిందో లేదో పేరుకు గండం వచ్చింది. ఈసారి అల్జీరియా నుంచి.

1830లో ఫ్రాన్స్ అల్జీరియా మీదికి సైన్యాన్ని పంపింది. ఆ సైన్యంలో మందులు చూసే అడాల్ఫ్ స్టైన్‌హైల్ అనే యువకుడికి మొక్కల పిచ్చి ఉండేది. ఇప్పుడు అన్నాబా అని పిలిచే బోన్ నగర ప్రాంతంలో ఆయన స్క్విల్ గడ్డలను పరిశీలించాడు. అసలు సిల్లా మొక్కల గింజలు గుండ్రంగా ఉంటాయి. వీటి గింజలు నల్లగా, పలచగా, కాగితపు ముక్కల్లా రెక్కలతో ఉంటాయి, గాలికి ఎగిరిపోతాయి. ఇవి వేరే ప్రజాతి అని తేల్చి 1834లో కొత్త పేరు పెట్టాడు: ఉర్జీనియా. ఆ గడ్డలు దొరికిన చోట బెనీ ఉర్జిన్ అనే అరబ్బు తెగ ఉండేది, వాళ్ల పేరే గడ్డకు వచ్చింది. 1843లో బెర్లిన్‌లో కున్త్ అనే శాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ మొక్కను కూడా ఈ కొత్త ఇంట్లోకి మార్చాడు. అప్పటి నుంచి అది ఉర్జీనియా ఇండికా.

ఒక్కసారి ఆగి చూడండి. గోదావరి తీరాన ఒక స్కాట్లాండ్ వైద్యుడు రాసుకున్న మొక్క, దాని మొదటి పేరు గ్రీకుది. ఫ్రెంచి సైనికుడు కొత్త పేరు పెట్టాడు, ఆ పేరు తమ నేలలోకి పరాయి సైన్యం వచ్చిపడిన ఒక అల్జీరియా తెగది. దాన్ని మన మొక్కకు అంటించింది ఒక జర్మన్. ఆ తెగవారు కాకినాడ పేరు విని ఉండరు, కాకినాడవారు ఆ తెగ పేరు విని ఉండరు. అయినా దాదాపు 130 ఏళ్లు భారతదేశంలోని వృక్షశాస్త్ర గ్రంథాలూ, మందుల పుస్తకాలూ ఈ గడ్డను ఆ తెగ పేరుతోనే పిలిచాయి. కొందరు ఇప్పటికీ పిలుస్తున్నారు.

శాస్త్రీయ నామం మొక్కను వర్ణిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా అనుకుంటే మోసపోతాం. ఈ సిల్లాల బంధువర్గంలోనే సిల్లా పెరూవియానా అనే నీలి పూల మొక్క ఉంది. దాని సొంతూరు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, ఉత్తర ఆఫ్రికా పరిసరాలు. పెరూ దేశానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ గడ్డలు పెరూ అనే పేరున్న ఓడలో వచ్చాయని, అందుకే పొరబడ్డారని ఒక కథ చెబుతారు. పొరపాటని అందరికీ తెలుసు, అయినా శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1753లో రాసిన పేరును దిద్దడానికి నియమాలు ఒప్పుకోవు. శాస్త్రీయ నామం ఆధార్ సంఖ్య లాంటిది. గుర్తుపట్టడానికి ఉంటే చాలు, అర్థం ఉండనక్కర్లేదు.

దురద గెలిచింది

1977లో మళ్లీ మార్పు. దక్షిణాఫ్రికా గడ్డ మొక్కలను సమీక్షిస్తున్న జెసప్ అనే శాస్త్రజ్ఞుడు, ఉర్జీనియాలకూ ఆ దేశపు డ్రీమియాలకూ గీత గీయడం కుదరదని తేల్చాడు. రెండూ ఒకటే అయితే ఏ పేరు నిలవాలి? ముందు అచ్చయినదే నిలవాలని నియమం. డ్రీమియా పేరు 1799 నాటిది, ఉర్జీనియా 1834 నాటిది. దాంతో మన గడ్డ డ్రీమియా ఇండికా అయింది. మధ్యధరా గడ్డ కూడా ఆ మరుసటి ఏడాదే డ్రీమియాలోకి మారింది.

ఇప్పుడు పుస్తకాల్లో ఈ మొక్క పేరు చివర కుండలీకరణాల్లో రాక్స్‌బర్గ్ పేరు, బయట జెసప్ పేరు ఉంటాయి. మొదట గుర్తించినవాడు లోపల, ఇప్పుడున్న చోటికి మార్చినవాడు బయట. మధ్యలో మోసుకెళ్లిన కున్త్ పేరు అసలు కనిపించదు.

డ్రీమియా అనే మాట గ్రీకు డ్రిమిస్ నుంచి వచ్చింది. ఘాటైనది, చురుక్కుమని మండించేది అని అర్థం. గడ్డ రసం ఒంటికి తగిలితే దురద, మంట పుడతాయి కాబట్టి ఆ పేరు. ఆ దురదకు కారణం కంటికి కనిపించని సూదులు: కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, సూదిమొనల్లా కట్టలు కట్టలుగా గడ్డ కణాల్లో ఉంటాయి. కంద తరిగితే చేతులు దురదపెట్టేది కూడా ఈ సూదులవల్లే. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, నక్క ఉల్లికి కంద దురదంతా ఉంది.

అంటే గ్రీకు స్కిల్లా, అల్జీరియా తెగ అన్నీ తిరిగి తిరిగి శాస్త్రం చివరికి చేరిన మాట ముట్టుకుంటే జాగ్రత్త అని. కాపరి నక్క అని ఒక్క ముక్కలో చెప్పింది కూడా దాదాపు అదే. ఇది యాదృచ్ఛికమే, నియమం ప్రకారం పాత పేరు గెలిచింది తప్ప అర్థం చూసి ఎవరూ గెలిపించలేదు. అయినా నాకు ఇది బాగా నచ్చింది.

గుండెకు సంబంధించిన నక్కలు

దురద ఒక్కటే అయితే కంద లాగే చింతపండు వేసి ఉడికించి తినేవాళ్లమేమో. అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ గడ్డలో గుండె మీద నేరుగా పనిచేసే గ్లైకోసైడ్లు అనే రసాయనాలు ఉన్నాయి. తక్కువ మోతాదులో అవి గుండె కొట్టుకునే బలాన్ని పెంచుతాయి, వేగాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో చేరిన నీరు మూత్రంగా పోయేలా చేస్తాయి, కఫాన్ని వదులు చేస్తాయి. మోతాదు మించితే వాంతులు, గుండె లయ తప్పడం, ఆ తర్వాత మరణం. మందుకూ విషానికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథమైన బ్రిటిష్ ఫార్మకోపియా మధ్యధరా స్క్విల్‌కు బదులుగా భారతీయ స్క్విల్‌ను కూడా గుర్తించింది, దగ్గు మందుల్లో స్క్విల్ సిరప్ చాలాకాలం ఉంది. అది కొలిచి, పరీక్షించి తయారుచేసినది. ఊళ్లో తవ్వి తెచ్చిన గడ్డలో ఎంత విషముందో కొలవడానికి ఎవరి దగ్గరా తక్కెడ ఉండదు.

ఈ రసాయనాల తరగతి పేరు బూఫాడైఇనొలైడ్లు. ఆ పేరులో బూఫో ఉంది, అంటే ఒక రకం కప్ప. గరుకు చర్మం ఉన్న ఆ కప్పల ఒంటి విషంలో ఇదే తరగతి పదార్థాలు ఉండటంతో రసాయనానికి కప్ప పేరు వచ్చింది. నక్క, పంది, ఎలుక, పిల్లి తర్వాత ఇప్పుడు కప్ప. ఈ గడ్డ చుట్టూ జంతుప్రదర్శనశాల ఉంది.

ఒక నక్క ఇంకా మిగిలి ఉంది. గుండె జబ్బుకు ఆధునిక వైద్యం ఎక్కువగా నమ్ముకున్న మొక్క మందు ఇది కాదు, డిజిటాలిస్. ఇంగ్లండ్ వైద్యుడు విలియం వితరింగ్ 1785లో దాని గురించి పుస్తకం రాసేవరకు, ఒళ్లు నీరుపట్టే జబ్బుకు వాడే మొక్కల్లో స్క్విల్ ముఖ్యమైనది. తర్వాత క్రమంగా వెనకబడింది. ఆ డిజిటాలిస్ మొక్క ఇంగ్లిష్ పేరు ఫాక్స్‌గ్లవ్, నక్క చేతితొడుగు. దానికి డిజిటాలిస్ అనే లాటిన్ పేరు పెట్టిన జర్మన్ పండితుడి ఇంటిపేరు ఫుక్స్, జర్మన్‌లో ఆ మాటకు అర్థం కూడా నక్కే. ఖచ్చితంగా చెప్పాలంటే ఆ రెండూ గుంటనక్కలు, మనది మామూలు నక్క. ఒకదాని పేరు చూసి మరొకదానికి పెట్టినది కాదు. కానీ రెండు ఖండాల్లో గుండెను తాకే రెండు విషపు మొక్కలకు నక్క కాపలా ఉండటం చూసి ఊరుకోలేకపోయాను.

ఇంత జరిగినా డ్రీమియా ఇండికా అంటే ఒకే మొక్కేనా అన్న ప్రశ్న తేలలేదు. దక్కనులో, తూర్పు పశ్చిమ కనుమల్లో దొరికే గడ్డలను తెచ్చి క్రోమోజోములు లెక్కపెడితే కొన్నిటిలో 20, కొన్నిటిలో 30, కొన్నిటిలో 40 వచ్చాయి. పైకి అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వీటిలోంచి కొన్నిటిని వేరే జాతులుగా విడదీశారు. 1982లో హేమాద్రి, స్వాహరి వర్ణించిన జాతికి నాగార్జున పేరు పెట్టారు, ఉర్జీనియా నాగార్జునే అని. అది కూడా ఇప్పుడు డ్రీమియాలోకే మారింది. రాక్స్‌బర్గ్ కోరమాండల్ పేరు పెట్టిన గడ్డ కూడా అదే దారి పట్టింది. పూల కాడ పొడవు, కాయ ఆకారం, గింజ అంచు, ఆకు వెడల్పు పట్టుకుని వీటిని వేరు చేస్తారు. అంటే పూలకోసం ఏప్రిల్‌లో ఒకసారి, ఆకులకోసం ఆగస్టులో ఒకసారి అదే గుట్ట ఎక్కాలి, ఆ రెండూ ఒకే గడ్డవని గుర్తుపెట్టుకోవడానికి మొదటిసారి వెళ్లినప్పుడే పక్కన ఒక రాయి పెట్టి రావాలి.